బీజెడ్‌సీ చదివి హెచ్4 మీద ఉన్నా, రేడియేషన్ థెరపీ కోర్సులో సీటు కావాలంటే ఏమేం ఉండాలి?

కేటీ_సిక్కోలు:

అందరికీ నమస్కారం అండి. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి. మేము హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. హెచ్4 (హెచ్1 ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి నాలుగేళ్లయింది, మా ఆయనకి ఐ-140 (గ్రీన్ కార్డు దారిలో ఒక మెట్టు) అప్రూవ్ అయిపోయింది, నాకు ఈఏడీ (పనిచేసుకునే అనుమతి కార్డు) చేతికొచ్చింది, బాబు ఆగస్టు నుంచి కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. నేను ఇంటర్ బైపీసీ, 2013లో బీఎస్సీ బీజెడ్‌సీ పాసయ్యా, 71 శాతం. అంటే లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి.

ఇక్కడ తెలిసినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, ఆరు నెలల్లో ఉద్యోగం అంటున్నారు కానీ నాకు దాని మీద మనసు పోవట్లేదు. మా నాయనమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు, ఆ వైపు ముసలాళ్లు చాలామంది అడ్డపొగ తాగేవాళ్లు, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అలాగే ఆవిడకి అంగిట్లో పుండు లేచి కేన్సర్ అని తేలింది, వైజాగ్‌లో ఆరు వారాలు కరెంటు పెట్టారు (మావైపు రేడియేషన్‌ని అలాగే అంటారు). నేనప్పుడు ఇంటర్ సెలవుల్లో ఉన్నా, రోజూ నేనే తోడు వెళ్లేదాన్ని. అక్కడ మెషిన్ దగ్గర ఒకాయన మొహానికి ఆ వల మాస్కు బిగించేటప్పుడు "అమ్మమ్మా, బిగుసుకోకు, ఊపిరి మామూలుగా తీసుకో, నేను బయట టీవీలో నిన్నే చూస్తుంటా" అనేవాడు, రోజూ అదే మాట, ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. నాయనమ్మ డాక్టర్ల పేర్లన్నీ మర్చిపోయింది గానీ పోయేదాకా ఆ బాబు ఎలా ఉన్నాడో అని అడుగుతూనే ఉంది. ఆ పని చేయాలని నాకు అప్పట్నుంచీ ఉంది, కానీ ఇంట్లో ఎవరికీ అదొక కోర్సు అని కూడా తెలీదు.

ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉన్న ఎమ్‌డీ ఆండర్సన్ కేన్సర్ హాస్పిటల్ వాళ్ల స్కూల్ ఆఫ్ హెల్త్ ప్రొఫెషన్స్‌లో బీఎస్ ఉందని, టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లకి రౌండ్ రాక్‌లో ఉందని చూశా. నా పాత డిగ్రీ పనికొస్తుందా, మళ్లీ మొదట్నుంచీ చదవాలా, లెక్కలు లేకపోతే తీసుకుంటారా, ఇంకా అప్లై చేసేలోపు ఏమేం చేతిలో ఉండాలి? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

లైనాక్_అక్క:

చెల్లీ, నీ పోస్టు చదివి ఆగలేకపోయా, డ్యూటీ అయ్యి పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నా. నేను థెరపిస్టుగా తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నా, నాది కూడా అక్కడి బీఎస్సీనే.

ముందు ఒక్కటి చూసుకో, ఏ స్కూల్ అయినా సరే దానికి జేఆర్‌సర్ట్ (ఇలాంటి కోర్సుల్ని పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉందా లేదా అని. చివర్లో నువ్వు రాయాల్సిన పరీక్ష ఏఆర్‌ఆర్‌టీది (రేడియేషన్, ఎక్స్‌రే పని చేసేవాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థ), వాళ్లు గుర్తించిన ప్రోగ్రాం చదివితేనే ఆ పరీక్షకి కూర్చోనిస్తారు, దాంతోపాటు కనీసం అసోసియేట్ డిగ్రీ (ఇక్కడి రెండేళ్ల డిగ్రీ) ఉండాలి, 2015 నుంచి ఆ రూల్. పరీక్ష పాసయ్యాక టెక్సస్‌లో పనిచేయాలంటే మెడికల్ బోర్డు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. జేఆర్‌సర్ట్ ఉన్న ప్రతి ప్రోగ్రాం వాళ్ల వెబ్‌సైట్‌లో మూడు అంకెలు పెట్టి తీరాలి, ఎంతమంది మొదటిసారే పాసయ్యారు, ఎంతమందికి 12 నెలల్లో ఉద్యోగం వచ్చింది, చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేశారు. ఆ మూడోది నేనైతే ముందు చూస్తా, ఎందుకంటే చేరినవాళ్లలో మూడోవంతు మధ్యలో మానేస్తున్నారంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

ఇంకో మాట, చాలామంది రేడియేషన్ థెరపీ, రేడియోగ్రఫీ ఒకటే అనుకుంటారు. ఎక్స్‌రే, సీటీ తీసేది రేడియోగ్రఫీ. మనది ట్రీట్‌మెంట్ ఇచ్చేది. ముందు రేడియోగ్రఫీ చేసి ఆ తర్వాత ఒక ఏడాది సర్టిఫికెట్ కోర్సుతో ఇటు వచ్చేవాళ్లూ ఉన్నారు, అలాంటివాళ్లని మాత్రమే తీసుకునే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి కాబట్టి అప్లికేషన్ ఫీజు కట్టేముందే అది చూసుకో.

ఇక నీ డిగ్రీ. ఎవాల్యుయేషన్ (మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో తేల్చడం) చేయించాలి, డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి ఏజెన్సీల దగ్గర, కానీ దయచేసి కోర్స్ బై కోర్స్ రిపోర్టే అడుగు. నేను డబ్బు మిగులుతుందని డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ చేయించా, అందులో డిగ్రీ ఉంది అని తప్ప ఏ సబ్జెక్టు ఎన్ని క్రెడిట్లు అని ఉండదు, స్కూల్ వాళ్లు పనికిరాదన్నారు, మళ్లీ ఇండియా నుంచి సీల్డ్ కవర్‌లో మార్కుల లిస్టులు తెప్పించేసరికి ఆ ఏడాది గడువు దాటిపోయింది. ఒక సంవత్సరం నా చేతులారా పోగొట్టుకున్నా. నువ్వు ఈ వారమే మీ యూనివర్సిటీకి ట్రాన్‌స్క్రిప్ట్ అప్లికేషన్ పెట్టించు, ఊళ్లో మీ తమ్ముడో ఎవరో ఉంటే స్వయంగా వెళ్లి కనుక్కోమను.

నీ జువాలజీ, బాటనీ క్రెడిట్లు జనరల్ సైన్స్ కింద పోతాయి గానీ అనాటమీ అండ్ ఫిజియాలజీకి బదులుగా తీసుకోరు, పైగా చాలా ప్రోగ్రాములు సైన్స్ సబ్జెక్టులు అయిదేళ్లలోపో ఏడేళ్లలోపో చదివి ఉండాలంటాయి, నీది 2013. కాబట్టి అనాటమీ రెండు భాగాలూ ల్యాబ్‌తో సహా కమ్యూనిటీ కాలేజీలో చెయ్యాలి, టెక్సస్‌లో ఎక్కడ చదివినా నంబర్లు ఒకటే, బయాలజీ 2401, 2402. ఒకటయ్యాకే రెండోది, అంటే రెండు సెమిస్టర్లు దానికే. కాలేజ్ ఆల్జీబ్రా మ్యాథ్ 1314, ఫిజిక్స్, ఇంగ్లిష్ 1301, మెడికల్ టెర్మినాలజీ, ఇవి ఇంచుమించు అన్నిచోట్లా అడుగుతారు. బీఎస్ అంటే టెక్సస్ కోర్ అని 42 క్రెడిట్లు ఉంటుంది, అందులో అమెరికా చరిత్ర రెండు కోర్సులు, గవర్నమెంట్ రెండు కోర్సులు, ఇవి మన డిగ్రీలో ఎలాగూ ఉండవు. వాటిని తేలిక అనుకోకు, చరిత్ర పరీక్షలన్నీ వ్యాసాలే.

జీపీఏ (4కి లెక్కేసే సగటు గ్రేడు) కనీసం 2.5 లేదా 3.0 అని రాస్తారు, అది గేటు దగ్గర ఆపకుండా ఉండడానికి మాత్రమే. సీట్లు చాలా తక్కువ, ఒక బ్యాచ్‌లో పదిహేను ఇరవై మంది కంటే ఎక్కువ ఉండడం అరుదు, ఎందుకంటే హాస్పిటల్లో మెషిన్లు ఎన్నో విద్యార్థులు అంతమందే. కాబట్టి సైన్స్‌లో 'ఏ' గ్రేడు తెచ్చుకోవాలనే కూర్చో.

క్యూ_2014:

అక్కగారు చదువు సంగతి చెప్పారు, నేను వీసా సంగతి చెప్తా, ఎందుకంటే మా ఆవిడ విషయంలో ఇదంతా తిరిగా (ఆవిడది నర్సింగ్).

హెచ్4 మీద ఫుల్‌టైమ్ చదువుకోవచ్చు, ఎఫ్1కి (విద్యార్థి వీసాకి) మారక్కర్లేదు. చదువులో భాగంగా హాస్పిటల్లో చేసే క్లినికల్స్‌కి జీతం ఉండదు కాబట్టి దానికి ఈఏడీతో పనిలేదు. పని వచ్చేసరికి ఈఏడీ కావాలి, మీకుంది కాబట్టి సరే, కానీ మీ ఆయన ఉద్యోగంతో అది ముడిపడి ఉందని మర్చిపోకండి. ఇంకో సంగతి, రేడియేషన్ థెరపిస్టుకి సొంతంగా హెచ్1 రావడం కష్టం, ఎందుకంటే అసోసియేట్ డిగ్రీతోనే చేయగలిగే ఉద్యోగం కాబట్టి స్పెషాలిటీ ఆక్యుపేషన్ (కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగం) అని ఒప్పించడం కష్టం. నర్సులకీ ఫిజికల్ థెరపిస్టులకీ గ్రీన్ కార్డులో షెడ్యూల్ ఏ అని ఒక వెసులుబాటుంది, ఈ వృత్తి అందులో లేదు. భయపెట్టడానికి కాదండి, ఇంట్లో ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలని చెప్తున్నా.

ఫీజు విషయంలో మంచి మాట ఒకటుంది, టెక్సస్‌లో హెచ్4 వాళ్లు కూడా 12 నెలలు ఇక్కడే స్థిరంగా ఉన్నామని కాగితాలు చూపిస్తే ఇన్-స్టేట్ ఫీజుకి (రాష్ట్రంలో ఉండేవాళ్లకిచ్చే తక్కువ ఫీజు) అడగొచ్చు. ఇంటి లీజో మార్ట్‌గేజో, ట్యాక్సు కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. అడ్మిషన్ ఆఫీసులో మొదట ఇంటర్నేషనల్ అని టిక్ పెట్టేస్తారు, మార్చమని మనమే అడగాలి. ఫాఫ్సా (చదువుకి ప్రభుత్వం ఇచ్చే సాయం) మాత్రం మనకి రాదు.

కేటీ_సిక్కోలు:

అక్కా, చాలా థ్యాంక్స్, పార్కింగ్‌లో కూర్చుని ఇంత రాశారు. క్యూ గారూ మీక్కూడా. తమ్ముడికి ఫోన్ చేశా, సోమవారం వెళ్తానన్నాడు.

రెండు భయాలున్నాయి, అడిగేస్తా. ఒకటి ఫిజిక్స్, ఇంటర్ తర్వాత పుస్తకం తెరవలేదు, ఆల్జీబ్రా లేకుండా ఫిజిక్స్ ఎలా. రెండోది ఇంట్లో అత్తయ్యగారు అడుగుతున్నారు, రెండో బిడ్డని అనుకుంటున్నాం, రేడియేషన్ దగ్గర పనంటే పిల్లలకి ఏమైనా అవుతుందేమోనని. ఆవిడని తప్పుపట్టలేను, నాక్కూడా లోపల ఆ భయం ఉంది.

ఫిజిక్స్_మాస్టారు:

నేను మెడికల్ ఫిజిసిస్టుని, ఇలాంటి డిపార్ట్‌మెంట్లోనే పనిచేస్తున్నా, మొదట బొంబాయిలో బీఏఆర్‌సీ (భాభా అణు పరిశోధన కేంద్రం) డిప్లొమా చేసి తర్వాత ఇటు వచ్చా. మీ రెండు ప్రశ్నలూ నా పనికి సంబంధించినవే కాబట్టి చెప్తా అమ్మా.

అత్తగారి ప్రశ్న ముందు. మీరు పనిచేసే లీనియర్ యాక్సిలరేటర్ (రేడియేషన్ ఇచ్చే మెషిన్, లైనాక్ అంటాం) కరెంటుతో నడిచేది, బటన్ నొక్కితేనే బీమ్, వదిలేస్తే లేదు. పేషెంట్‌ని సరిగ్గా పడుకోబెట్టి మీరంతా బయటికి వచ్చి తలుపు మూశాకే అది మొదలవుతుంది, తలుపు తెరిస్తే ఇంటర్‌లాక్ వల్ల వెంటనే ఆగిపోతుంది, గోడలు మీటరు పైన మందం కాంక్రీటు. అందరూ ఛాతీ మీద ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే డోసిమీటర్ బ్యాడ్జి పెట్టుకుంటారు. పనిచేసేవాళ్లకి ఈ దేశంలో చట్టం పెట్టిన పరిమితి ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌లు, అది రేడియేషన్ డోసు కొలత (ఇండియాలో అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ ఇంకా గట్టిగా పెట్టింది, అయిదేళ్ల సగటు 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు), థెరపిస్టుల బ్యాడ్జిలు దాని దరిదాపులకి కూడా రావు. గర్భవతి అయితే మీరు రాతపూర్వకంగా చెప్పొచ్చు, చెప్పడం చెప్పకపోవడం పూర్తిగా మీ ఇష్టం, బలవంతం లేదు. చెప్పాక కడుపులో బిడ్డకి మొత్తం తొమ్మిది నెలలకీ కలిపి 5 మిల్లీసీవర్ట్‌లు దాటకుండా చూస్తారు, నడుం దగ్గర ఇంకో బ్యాడ్జి ఇస్తారు. విద్యార్థులకీ ఇదే, ప్రతి ప్రోగ్రాంకీ ప్రెగ్నెన్సీ పాలసీ రాసి ఉండాలి, చదువు ఆపకుండా కొనసాగించే అవకాశం అందులో ఉండాలి. ఆ కాగితం అడిగి తీసుకుని అత్తగారికి చదివి వినిపించండి, నేను మా అమ్మకి అలాగే చేశా.

ఇక లెక్కలు. ఫిజిక్స్ 1401 తీసుకోవాలంటే చాలా కాలేజీలు ఆల్జీబ్రాతోపాటు ట్రిగనామెట్రీ కూడా అయి ఉండాలంటాయి. కొన్ని ప్రోగ్రాములు ఫిజిక్స్ 1405 లాంటి తేలికదాన్ని కూడా ఒప్పుకుంటాయి, ఏది ఒప్పుకుంటారో అడ్వైజర్‌కి మెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకోండి. ఈ పనిలో కాలిక్యులస్ అవసరం రాదు. ఏం అవసరం అంటే, దూరం రెండింతలైతే డోసు నాలుగో వంతు అవుతుందన్న సూత్రం మీకు నిద్రలో లేపినా తెలియాలి, సెంటీమీటర్లలో మార్పు ఎటు వైపు ఎంత అని తడబడకుండా చెప్పగలగాలి. ఎడమ కుడి తారుమారైతే మనం కొట్టేది ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిని. నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో లెక్కల్లో ఫస్టు వచ్చినవాళ్లకంటే ఒకసారి చేసిన లెక్కని మళ్లీ సరిచూసుకునేవాళ్లే మంచి థెరపిస్టులయ్యారు.

మీ నాయనమ్మగారికి పెట్టింది కోబాల్ట్ మెషిన్ అయ్యుంటే ఒక సంగతి. కోబాల్ట్-60 రేడియోధార్మికత 5.27 ఏళ్లకి సగం అయిపోతుంది, సోర్సు పాతబడేకొద్దీ అదే డోసు ఇవ్వడానికి పేషెంట్ మాస్కులో పడుకునే టైము పెరుగుతూ పోతుంది. అంతసేపు ఆవిడ భయపడకుండా పడుకుందంటే ఆ అబ్బాయి మాటే కారణం. ఇది ఇంటర్వ్యూలో తప్పకుండా చెప్పండి.

సెకండియర్_బీఎస్:

హాయ్ అక్కా, నేను ఇప్పుడు చదువుతున్నా (స్కూల్ పేరు చెప్పను), పోయిన ఏడాదే ఇదంతా దాటా కాబట్టి ఫ్రెష్‌గా గుర్తుంది. ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా, టీకాలు!! సీటు వచ్చాక క్లినికల్స్‌కి పంపేముందు హెపటైటిస్ బి, ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్, టీడాప్ (ధనుర్వాతం, కోరింత దగ్గు వగైరా), ఫ్లూ, టీబీ అన్నిటికీ కాగితాలు కావాలి. మనకి చిన్నప్పుడు వేసిన కార్డు ఎవరి దగ్గరుంటుంది చెప్పు, మా అమ్మ బీరువా అంతా వెతికింది. అలాంటప్పుడు రక్తపరీక్షతో టైటర్ చేయించుకుంటే చాలు, ఇమ్యూనిటీ ఉందని వస్తే మళ్లీ వేయించుకోనక్కర్లేదు. హెపటైటిస్ బి మాత్రం మామూలు మూడు డోసులు పూర్తవడానికి ఆర్నెల్లు పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలెట్టు, రెండు డోసుల రకం కూడా ఉంది, దానికి నెలే, డాక్టర్‌ని అడుగు.

టీబీ దగ్గర మాత్రం జాగ్రత్త. మనకి చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కదా, భుజం మీద మచ్చ, దానివల్ల చేతి మీద చేసే స్కిన్ టెస్ట్ పాజిటివ్ చూపించే అవకాశం ఉంటుంది, నాకు అలాగే వాచింది, ఇక చెస్ట్ ఎక్స్‌రే, ఫారాలు, టెన్షన్. మొదటే క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష చేయండి, నాకు బీసీజీ వేశారు అని చెప్పు, అది బీసీజీ వల్ల తప్పుగా పాజిటివ్ రాదు. మెనింజైటిస్ టీకా టెక్సస్‌లో 22 ఏళ్లలోపు వాళ్లకే, నీకు అక్కర్లేదు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్, సీపీఆర్ కార్డు కూడా ఉంటాయి. సీపీఆర్ అంటే హెల్త్‌కేర్ వాళ్లు చేసే బీఎల్ఎస్, ఊరికే ఆన్‌లైన్ వీడియో చూసి ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోరు. ఏఆర్‌ఆర్‌టీకి ఎథిక్స్ అని ఒకటుంది, పోలీసు కేసులే కాదు, కాలేజీలో కాపీ కొట్టి సస్పెండ్ అయినా చెప్పాలి, ఏదైనా ఉంటే కోర్సులో చేరేముందే వాళ్లతో ప్రీ-అప్లికేషన్ రివ్యూ చేయించుకోవచ్చు. మా క్లాసులో ఒకమ్మాయి అలా ముందే చేయించుకుని హాయిగా ఉంది.

షాడోయింగ్ గురించి కూడా చెప్తా. చాలా స్కూళ్లు అప్లై చేసేముందు రేడియేషన్ డిపార్ట్‌మెంట్లో కొన్ని గంటలు కూర్చుని చూడమంటాయి, సంతకం పెట్టించుకురావాలి. నేను పద్నాలుగు చోట్ల మెయిల్ పెడితే ఇద్దరు జవాబిచ్చారు, కాబట్టి ఒకటి రెండు చోట్ల నో అంటే దిగులు పడకు. వాలంటీర్ ఆఫీసు ద్వారా వెళ్తే త్వరగా అవుతుంది. వెళ్లినప్పుడు మెషిన్ని కాదు, థెరపిస్టులు రోజుకి ముప్పై మందిని ఎలా పలకరిస్తున్నారో చూడు. బ్రెస్ట్ పేషెంట్లకి ఇప్పుడు మూడు నాలుగు వారాల్లో అయిపోతోంది గానీ నోరు, గొంతు కేన్సర్‌కి ఇంకా ఆరేడు వారాలు, వారానికి అయిదు రోజులు, అదే మనిషిని రోజూ చూస్తావు, బరువు తగ్గిపోతుంటారు, మాట పోతుంది, మాస్కు వదులైపోతుంది. మొదటి వారం ఇంటికొచ్చి ఏడ్చా. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది సరిగ్గా అదే, ఒక పేషెంట్ సోమవారం రాలేదు, చనిపోయారని తెలిసింది, పదినిమిషాల్లో ఇంకొకరు లోపలికి వస్తారు, నువ్వేం చేస్తావు అని. నిజం చెప్పు, కంఠస్థం చేసిన జవాబు వాళ్లకి తెలిసిపోతుంది.

ఇంకొకటి టెక్నికల్ స్టాండర్డ్స్ ఫారం, పేషెంట్‌ని ఎత్తగలవా, ఇంటర్‌కమ్‌లో మాట వినగలవా, మానిటర్ చూడగలవా అని సంతకం చేయాలి. పని నడుముతో చేసే పని అక్కా, గుర్తుంచుకో.

గుంటూరు_అమ్మ:

మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఇదంతా చదువుతుంటే దీనికే పంపాలనిపిస్తోంది. ఇక్కణ్నుంచి నేరుగా అమెరికా పంపితే ఎఫ్1 మీద ఈ కోర్సు చేయొచ్చా అండి?

క్యూ_2014:

గుంటూరు అమ్మగారూ, చేయొచ్చు గానీ నేనైతే తొందరపడొద్దంటా. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (ఎఫ్1 వాళ్లు పనిచేసుకునే అనుమతి) ఉంటుంది, ఆ తర్వాత పైన చెప్పినట్టు హెచ్1 దారి ఇరుకు. ఇంటర్నేషనల్ ఫీజు కట్టి అంత రిస్కు తీసుకునే బదులు ఇండియాలోనే బీఎస్సీ రేడియోథెరపీ టెక్నాలజీ చూడండి, చండీగఢ్ పీజీఐలో, వెల్లూరు సీఎమ్‌సీలో ఉంది. ఇంటర్‌లో ఫిజిక్స్ గట్టిగా చదవమనండి, ఎక్కడికి వెళ్లినా అదే అడుగుతారు.

లైనాక్_అక్క:

అవునండి, ఇంకో మాట కూడా, అక్కడ చదివి ఇక్కడికి వచ్చి నేరుగా పనిలో చేరొచ్చు అనుకోకండి, ఏఆర్‌ఆర్‌టీ వాళ్లు గుర్తించిన ప్రోగ్రాం మళ్లీ చేయాల్సి వస్తుంది. పాప ఇండియాలో పనిచేస్తానంటే మాత్రం నిశ్చింతగా పంపండి, మన ఊళ్లలో చేతికి అలవాటున్న థెరపిస్టుల అవసరం ఎంతుందో సిక్కోలు చెల్లి పోస్టు చదివితేనే తెలుస్తోంది.

చెల్లీ, జీతం నువ్వు అడగలేదు గానీ ఇంట్లో అడుగుతారు, 2023లో దేశం మొత్తం మీద థెరపిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి 98,300 డాలర్లని లేబర్ శాఖ లెక్క. కానీ నర్సుల్లా ప్రతి వీధిలో ఉద్యోగాలుండవు, వృత్తి చిన్నది, ఊరు మారాల్సి రావచ్చు. క్లినికల్స్ తరచుగా పొద్దున్న ఏడుకే మొదలవుతాయి, క్లాసులు క్లినికల్స్ కలిపి వారానికి 40 గంటలు మించి పెట్టకూడదని రూలుంది, కానీ ఆ ఏడు గంటలకి బాబుని ఎవరు స్కూల్లో దింపుతారో ఇప్పుడే మీ ఆయనతో తేల్చుకో. నా బ్యాచ్‌లో మానేసిన ఇద్దరూ చదువు రాక మానలేదు, పొద్దున్న పిల్లల్ని చూసేవాళ్లు లేక మానేశారు.

కేటీ_సిక్కోలు:

రెండు వారాల తర్వాత రాస్తున్నా. తమ్ముడు యూనివర్సిటీకి వెళ్లి ఫీజు కట్టి రసీదు ఫొటో పంపాడు, కవర్ నేరుగా ఎవాల్యుయేషన్ వాళ్లకే పంపుతారట, కోర్స్ బై కోర్స్ అనే కట్టా అక్కా. కమ్యూనిటీ కాలేజీలో ప్లేస్‌మెంట్ టెస్ట్ రాస్తే ఆల్జీబ్రాకి ముందు ఇంకో చిన్న కోర్సు చెయ్యాలన్నారు, మొదట బాధేసింది, తర్వాత సరే అనుకున్నా, అది ఈ వేసవిలో, ఆగస్టులో ఆల్జీబ్రా, బయాలజీ 2401 రెండూ. క్వాంటిఫెరాన్ నెగెటివ్ వచ్చింది. హెపటైటిస్ బి మొదటి డోసు అయ్యింది. మాస్టారి మాటలు అత్తయ్యగారికి చదివి వినిపించా, మొత్తం విని, ఆ బ్యాడ్జి రోజూ పెట్టుకుంటావా అని మూడుసార్లు అడిగారు, పెట్టుకుంటానన్నా.

ఏడు గంటల సంగతి మా ఆయనతో మాట్లాడా, మంగళ, గురువారాలు తను దింపుతాడు, మిగతా మూడు రోజులు ఇంకా తేలలేదు. అక్కా, షాడోయింగ్‌కి మెయిల్ పెడుతున్నా, పెట్టేముందు మీకు ఒకసారి చూపించొచ్చా?

లైనాక్_అక్క:

పంపు. నాయనమ్మ సంగతి మొదటి పేరాలోనే రాయి, నాలుగు లైన్లు చాలు.